ముడి వేయని రాత్రులు

భాషల వారీగా రాష్ట్రాలను విడగొట్టినప్పుడు తాండూరు పక్కనున్న మా ఊరు ఇటు, తెలుగు రాష్ట్రంలో పడింది. ఏటా వానలు వెనకబడ్డాక మేము గొర్లను తోలుకుపోయే చేన్లు అటు, మైసూరు రాష్ట్రంలో పడ్డాయి. మమ్మల్ని అడిగిన వాడు లేడు.

రెండేళ్లకు కాబోలు, ఈనిన గొర్లను మా ఊరి అడవిలో మేపుతుంటే అడవి జవాను వచ్చి పుల్లరి అడిగాడు. ఆ మేత పన్ను ఇక్కడివాళ్లకు ఒక తీరు, పరాయి రాష్ట్రం వాళ్లకు మూడింతలు.

"మొన్ననే సరిహద్దు దాటొచ్చిండ్రు. మీరు అవుతలోల్లే" అన్నాడు.

"గదిగో మా ఇల్లు. మా కోడలు పొయ్యి ముట్టించింది, పొగ సూడు" అన్నాడు మా నాయిన.

"పొగ కాదు ముసలోడా, సాక్ష్యం గావాలె. ఏడాదిల ఎక్కువ రాత్రులు ఏడ పంటే ఆడి మనిషివి. వికారాబాద్ పోయి అడవి ఆఫీసుల దొరకు సూపియ్యి."

గొర్లను తోలుకుపోయి తాండూరు బందెలదొడ్డిలో పెట్టి తాళం వేశాడు. గొర్రెపిల్లలు మాత్రం ఇంట్లో గంపల కింద ఉన్నాయి. నా భార్య రాత్రంతా గుడ్డ వత్తితో మేకపాలు పట్టింది. తెల్లారేసరికి రెండు తల ఎత్తడం లేదు.

పొద్దుటి బండిలో వికారాబాద్ పోయాం. నాయిన రుమాలులో ఉన్ని తాడు మూటగట్టుకున్నాడు. మేము మందను రైతు చేనులో రాత్రి ఆపితే ఎరువు పడుతుంది. అందుకు రైతు జొన్నలు ఇస్తాడు. అట్లా ఆపిన ఒక్కో రాత్రికి ఒక్కో ముడి. నాయిన ఏనాడూ అబద్ధపు ముడి వేయలేదు.

"ఏంది తాతా, దొరకు దండ తెచ్చినవా?" అని గుమాస్తా నవ్వాడు.

దొర నవ్వలేదు. ముడులను వేలితో జరుపుతూ, "ఇవన్నీ ఎక్కడ పడుకున్న రాత్రులు?" అన్నాడు.

"అవుతలియే సారూ. నాలుగు నెలలు గూడ గాలే, సూడున్రి."

"మరి ఇంటి దగ్గరి రాత్రులకు ముడులేవి?"

నాయిన బిత్తరపోయాడు. "మా ఇంట్ల మేం పంటే ముడెందుకు సారూ? జొన్నలు ఎవలిస్తరు?"

"అంటే ఇక్కడ ఉన్నట్టు రుజువు లేదు." దొర కాగితం మీద ఏదో రాసి ముందుకు తోశాడు. "పరాయి రాష్ట్ర నివాసినని వేలిముద్ర పెట్టు, పన్ను కట్టు, గొర్లను తోలుకుపో. కాదంటే విచారణకు పదిహేను రోజులు."

నా ఒళ్లు మండింది. "పెట్టకు నాయినా! పుట్టింది గీడ, సచ్చేది గీడ. అవుతలోల్లమని ఎట్ల ఒప్పుకుంటం?"

"పదిహేను దినాలు గా పిల్లలకు నువ్వు పాలిస్తవా?" అన్నాడు నాయిన. వేలు సిరాలో ముంచాడు. పెండ్లికి దాచిన నా చెల్లె కడియాలు కుదువబెట్టి పన్ను కట్టాం.

తాండూరులో దొడ్డి తలుపు తీయగానే గొర్లు మా కోసం ఆగలేదు. ఊరి దాకా ఉరికాయి. గంపలు ఎత్తేసరికి ఒక పిల్ల లేవలేదు. మిగిలినవి పొదుగులకు అతుక్కుపోయాయి.

అక్షరం రాని నేను, మా చేతికిచ్చిన ఆ కాగితం నకలులో ఏముందో చదవాలన్న కోపంతోనే, గొర్ల వెంట తిరుగుతూ చదువు నేర్చుకున్నాను. నాలుగేళ్లకు చదివాను. మా ఊరి పేరు అందులో ఎక్కడా లేదు.

గొర్లు ఇల్లు చేరిన మరునాడు పొద్దున మాత్రం నాయిన కొత్త తాడు పేనుతున్నాడు. ఎందుకన్నాను.

"రాత్రి ఇంట్ల పంటిమి గద బిడ్డా" అని మొదటి ముడి వేశాడు.