నేను లెక్కపెట్టిన పది సెకన్లు

సికింద్రాబాద్‌లో జరిగే కాలేజీల కుస్తీ పోటీలకు నేను చాలా ఏళ్లుగా వెళ్తున్నాను. ఒక్కనాడూ మ్యాట్ మీద కాలు పెట్టినవాణ్ని కాదు. అయినా రెఫరీలకు పాఠం చెప్పేంత తెలుసనుకునేవాణ్ని. గ్యాలరీలో ఎడమవైపు మూడో మెట్టు నాది. పక్కన ఏ.ఎస్. రావు నగర్ నుంచి వచ్చే ఒక పెద్దాయన కూర్చునేవారు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి, నెమ్మదస్తుడు. నేను అరిచే రకం, ఆయన ఆలోచించే రకం. మాకు స్నేహం కుదిరింది కూడా ఒక గొడవతోనే.

మా గొడవలన్నీ దాదాపు ఒకే విషయం మీద. దాన్ని పాసివిటీ అంటారు. పట్టు పట్టకుండా వెనక్కి వెనక్కి జరుగుతూ కాలం గడిపేస్తుంటే రెఫరీ ముందు హెచ్చరిస్తాడు. మళ్లీ అదే చేస్తే ముప్పై సెకన్ల గడువిస్తాడు. ఆలోపు పాయింట్ తెచ్చుకోకపోతే అవతలివాళ్లకు ఒక పాయింట్ పోతుంది. రూలు ఇంతే. కానీ ఎవరు తప్పించుకుంటున్నారు, ఎవరు అదను కోసం చూస్తున్నారు అన్నది చూసే కళ్లను బట్టి ఉంటుంది. దాని మీద మేం టీ చల్లారిపోయేదాకా వాదించుకునేవాళ్లం. ఇళ్లకు చేరాక మిగిలింది వాట్సాప్ గ్రూపులో పూర్తిచేసేవాళ్లం.

ఆ హాల్లో గోడ మీది పెద్ద బోర్డు ఎప్పుడో పాడైపోయింది. గడియారం అధికారుల టేబుల్ మీద ఉంటుంది, కుస్తీ పట్టేవాళ్లకు కనబడదు. అందుకని మైకులో "లాస్ట్ టెన్" అనగానే గ్యాలరీ అంతా పది నుంచి సున్నా దాకా గట్టిగా లెక్కపెట్టడం మాకు ఆనవాయితీ అయింది. మొదలుపెట్టేది నేనే. ఆ పని నాకెవరూ అప్పగించలేదు. గొంతు పెద్దది కదా అని నేనే నెత్తిన వేసుకున్నాను.

రెండేళ్ల క్రితం మా అక్క కూతురు డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉంది. స్కూల్లో ఉన్నప్పుడు దానికి మొదటిసారి ఈ పోటీలు చూపించింది నేనే. ఆ ఏడు అక్క ఖరాఖండిగా చెప్పేసింది. "ఈసారి యూనివర్సిటీ టీంల ఎక్కితే ఆడనియ్. లేకుంటే ఇంక బంద్. నౌకరీ చూస్కోవాలె." పిల్ల సరేనంది. ఫైనల్ గెలిచిన అమ్మాయికే టీంలో చోటు. ఫైనల్‌కి మా పిల్ల చేరింది.

చివరి నిమిషంలోకి వచ్చేసరికి మూడు–ఒకటితో ముందుంది. అంతకుముందే ఒకసారి హెచ్చరించి, గడువు కూడా ఇచ్చిన రెఫరీ, ముప్పై సెకన్లు అయిపోయాయని ఎదుటి అమ్మాయికి ఒక పాయింట్ ఇచ్చాడు. మూడు–రెండు. నాకు ఒళ్లు మండిపోయింది.

"గిదేం పాసివిటీ సార్! పిల్ల చేతులు కలుపుతనే ఉన్నది గదా!" అని లేచి అరిచాను.

పెద్దాయన నా చొక్కా పట్టుకుని కూర్చోబెట్టారు. "ఇచ్చింది సబబేనండీ. మీ అమ్మాయి అరనిమిషం నుంచీ వెనక్కే నడుస్తోంది. అయినా గెలుస్తుంది, కాస్త ఊరుకోండి."

అప్పుడే మైకులో "లాస్ట్ టెన్" అన్నారు. నేను పది అన్నాను. గ్యాలరీ అందుకుంది. తొమ్మిది, ఎనిమిది. నాకు కోపం, భయం, ఆ ఆట ఎప్పుడు ముగుస్తుందా అన్న ఆత్రం. సున్నా అనగానే కింద మా పిల్ల పట్టు వదిలి నిటారుగా నిలబడింది. మొహంలో నవ్వు మొదలవుతోంది. విజిల్ మాత్రం పడలేదు. ఎదుటి అమ్మాయి కాలు అందుకుంది, పడగొట్టి వెనకవైపు నుంచి మీదికెక్కేసింది. రెండు పాయింట్లు. ఆ తర్వాత పడింది విజిల్. కోచ్ ఏదో అరుస్తూనే ఉన్నాడు, మా గోలలో ఆ అరుపు ఎవరికీ వినబడలేదు.

మూడు–నాలుగు. ఒక్క పాయింట్‌తో పోయింది.

ఆ రోజు నుంచి గ్రూపులో రెఫరీని నేను ఉతికి ఆరేశాను. ఆ ఒక్క పాయింటే పిల్ల కొంప ముంచిందని పొద్దునా సాయంత్రం రాశాను. మాతోపాటు గ్యాలరీలో కూర్చునే బన్సీలాల్‌పేట్ వాళ్లు కొందరు నాకు వత్తాసు పలికారు. పెద్దాయన ఒక్కరే ఓపిగ్గా జవాబిచ్చారు: ఆ పాయింట్ తీసేసినా మూడు–మూడు అవుతుందండీ, సమానమైనప్పుడు ఈ లెక్కన చివరి పాయింట్ తెచ్చుకున్నవాళ్లే గెలుస్తారు కదా.

ఆయన ఫోన్లో ఆ ఆట మొత్తం ఉందని తెలిసి, రెఫరీ తప్పు పట్టుకోవడానికే వాళ్లింటికి వెళ్లాను. ఇద్దరం సోఫాలో కూర్చుని చూశాం. టేబుల్ మీది గడియారం ఒక మూలన స్పష్టంగా కనబడుతోంది. నా గొంతు "సున్నా" అన్నప్పుడు అక్కడ ఇంకా మూడు సెకన్లు ఉన్నాయి. రెండోసారి చూశాం. మూడే. ఆత్రంలో నేను అంకెలు మింగేస్తూ పరిగెత్తాను, గ్యాలరీ నా వెంట పరిగెత్తింది.

పెద్దాయన ఫోన్ పక్కన పెట్టి అడిగారు. "గ్రూపులో పెట్టమంటారా?"

"వద్దులెండి," అన్నాను.

ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తనందుకే నాకు సిగ్గేసింది. అయినా ఆ రాత్రి రెఫరీ మీద ఇంకొకటి రాశాను. ఎందుకు రాశానంటే చెప్పలేను. అప్పటికే అంత రాసి ఉన్నాను మరి.

నెల తర్వాత అల్వాల్‌లో అక్క వాళ్లింటికి వెళ్లాను, పిల్లకు నిజం చెప్పేద్దామనే. అది వరండాలో కూర్చుని కుస్తీ బూట్లు బ్రష్‌తో తోముతోంది. కాలేజీలో జూనియర్ అమ్మాయికి ఇచ్చేస్తుందట. మర్నాటి నుంచి ఒక బట్టల షోరూంలో పని.

నేను నోరు తెరిచేలోపే అది అంది. "మామా, రెఫరీని తిట్టుడు ఆపు జెర. ఆయన తప్పేం లేదు. లాస్ట్‌ల నేనే వదిలేసిన. నీ గొంతు విన్న. నువ్వు లెక్కపెడ్తున్నవంటే ఇంక ఫికరే లేదనుకున్న. టైం ఎట్ల మిగిలిందో సమజే కాలే. నువ్వు సున్నా అనకముందే నాకు అన్నట్టు ఇనబడ్డదేమో. నా దిమాకే పని చేయలే మామా."

చెప్పడానికి అంతకన్నా మంచి సందు ఉండదు. మూడు సెకన్లు బిడ్డా, నావి, అంటే అయిపోయేది. అది నన్ను తిట్టేది, ఏడ్చేది, తన బుర్రను మాత్రం అనుమానించేది కాదు.

"టెన్షన్‌ల అట్లనే అయితది బిడ్డా," అన్నాను. "చెవులు సుత మోసం చేస్తయ్."

అది తల ఊపింది. ఆ మాట కూడా నమ్మింది.