చచ్చినవాళ్లు తిరిగొచ్చే నవలలు

మా అన్న కనిపించకుండా పోయిన ఏడాది మా ఇంట్లో దయ్యాల నవలలు చదివాం. చదివింది నేను, విన్నది మా వదిన.

నాకు ఆ పిచ్చి అంతకుముందు నుంచే ఉంది. ఎనభైల మొదట్లో ఏ వారపత్రిక తెరిచినా ఒక మంత్రగాడో, చచ్చిపోయి కూడా ప్రేమించడం మానని ఒక మగవాడో కనిపించేవాడు. అద్దె పుస్తకాల షాపులో ఆ నవలల కోసం మా కాలేజీ పిల్లలు ముందే చెప్పి పెట్టుకునేవాళ్లు. అట్ట మీద ఎర్రటి కళ్లు, విరబోసుకున్న జుట్టు, వెనకాల పాడుబడిన బంగళా. నేను ఆ అట్టకు పాత పేపరు చుట్టి, పైన ఫిజిక్సు అని రాసి ఇంటికి తెచ్చుకునేదాన్ని. చార్మినార్ వెనక గల్లీలో రెండు గదుల ఇల్లు మాది. ఒంటరిగా కూర్చునే చోటు లేక, ఆరేసిన చీరల చాటున మిద్దె మీద కూర్చుని చదివేదాన్ని.

ప్రేమ అనే మాట మా ఇంట్లో ఎవరి నోటా వచ్చేది కాదు. బాపు సర్కారు ఫ్యాక్టరీలో ఫిట్టరు. పొద్దున్నే కంపెనీ బస్సెక్కి, సాయంత్రం నూనె వాసనతో దిగేవాడు. అమ్మ ఆయన్ని పేరు పెట్టి కాదు గదా, ఏమండీ అని కూడా పిలవగా నేను వినలేదు. అలాంటి ఇంట్లో కూర్చుని, మట్టిలో కలిసిపోయాక కూడా ఒక ఆడదాని కోసం గాలిలా తిరిగేవాడి గురించి చదువుతుంటే వెన్ను మీద చల్లగా ఏదో పాకేది. భయం వేసేది. మళ్లీ ఆ భయమే కావాలనిపించేది. అమ్మకు చదవడం రాకపోయినా అట్టలు చూసి పసిగట్టేది. ఆ పుస్తకాలు ఇంట్లో పెడితే పీడ చుట్టుకుంటుందని తిట్టేది.

అన్న చాంద్రాయణగుట్ట దగ్గర ఒక లారీ షెడ్డులో మెకానిక్. పెళ్లయి ఏడాది దాటింది. వానాకాలంలో ఒకరోజు ఎప్పట్లాగే సద్ది డబ్బా పట్టుకుని వెళ్లాడు. మధ్యాహ్నం దాకా ఒక లారీ కింద పడుకుని పని చేశాడట. లేచి చేతులు కడుక్కుని బయటికి నడిచాడట. చాయ్ తాగడానికి పోతున్నాడనుకున్నామని షెడ్డు ఆసామి చెప్పాడు. ఆ తరవాత అన్నను చూసినవాళ్లు లేరు. సద్ది డబ్బా విప్పకుండానే షెడ్డులో దొరికింది.

ఇంట్లో గొడవ లేదు. ఎవరితోనూ పగ లేదు. ఒంట్లో జబ్బు లేదు. బాపు డ్యూటీ దిగి ఠాణాకి, అక్కణ్నుంచి దవాఖానాలకి, అక్కణ్నుంచి బస్టాండ్లకి తిరిగేవాడు. పెళ్లి ఫోటోలోంచి అన్న మొహం వరకు కత్తిరించి జేబులో పెట్టుకుని తిరిగాడు. ఆ ఫోటోలో వదిన పక్కన అన్న భుజం ఒకటే మిగిలింది. దసరా పోయింది, చలికాలం వచ్చింది. మేనమామ కార్వాన్ నుంచి వచ్చినప్పుడల్లా గొంతు తగ్గించి మాట్లాడడం మొదలుపెట్టాడు.

వదిన ఏడవలేదు. అదే అందరికీ భయం. ఇల్లు ఊడ్చేది, వంట చేసేది, అన్న కంచం కడిగి బోర్లించేది. మధ్యాహ్నాలు, మేం ఖాలా అని పిలిచే పక్కింటి ముస్లిం పెద్దావిడ దగ్గర కూర్చుని లక్క గాజులకు రాళ్లు అతికేది. ఖాలా వాళ్లది తరాలుగా అదే పని. గాజులు చేసి లాడ్ బజార్ దుకాణాలకు వేసేవాళ్లు. గాజు వెచ్చగా ఉండగానే రాయి అతకాలి. వదిన వేళ్లు కాల్చుకునేది, కాలిందని చెప్పేది కాదు.

ఒకరోజు మిద్దె మీదికి వచ్చి నా పక్కన కూర్చుంది. చేతిలో ఏముందని అడిగింది. ఆమె బడికి పోలేదు. కథ అని చెప్పాను. ఏం కథ అంది. నాకు చెప్పక తప్పలేదు. పెళ్లయిన కొత్తలోనే మొగుడు చచ్చిపోతాడనీ, సాయంత్రాలు ఆ భార్య దగ్గరికి వస్తుంటాడనీ, ఒక మంత్రగాడు వాణ్ని సీసాలో బంధించాలని చూస్తుంటాడనీ, అది వారం వారం వచ్చే సీరియల్ అనీ చెప్పాను. చెప్తూనే నాలుక కరుచుకున్నాను.

"మొదటికెళ్లి చదువు చెల్లె," అంది వదిన.

పాత సంచికలు షాపులోంచి తెచ్చి మొదటి నుంచీ చదివాను. అప్పటి నుంచి గాజుల పని కాగానే రోజూ అదే. ఆ వారం భాగం అయిపోయాక వేరే నవలలు తెచ్చేదాన్ని. ఆమె అందరిలా వినేది కాదు. భయపడేది కాదు, వర్ణనలు వస్తే దాటెయ్యమనేది. చచ్చినవాడు వచ్చినప్పుడు ఏమవుతుంది, అదొక్కటే ఆమెకు కావాలి. ఆ సీరియల్లో అతడు వచ్చే ముందు దీపం ఒక పక్కకు ఒరిగేది, నీళ్ల కుండ మీద తడి చెయ్యి అచ్చు పడేది. ఇంకో నవలలో మట్టి వాసన వేసేది. వదిన ఇవన్నీ మనసులో పెట్టుకుంది. సాయంత్రం దీపం పెట్టి దాని ముందు కదలకుండా కూర్చునేది. పొద్దున్నే లేచి కుండ చుట్టూ తిరిగి చూసేది.

అన్న వస్తాడని చూస్తోందనుకున్నాను. ఈ పుస్తకాలు చాలించుదాం వదినా అన్నాను. అప్పుడు ఆమె చెప్పిన మాట ఇప్పటికీ నాకు వినబడుతుంది.

"పిచ్చిదాన, రావాలని కాదు. సచ్చిపోయినోడైతే ఇయ్యాల్టికి ఒక్కసారన్న వచ్చెటోడు. దీపం ఒరగలే, కుండ మీద చెయ్యి పడలే. అంటె మీ అన్న బతికే ఉన్నడు."

దేన్నైనా పట్టుకుని వేలాడక తప్పని మనిషికి అది దొరికింది. నేను చదవడం ఆపలేదు. ఆపితే ఆమె ఏమైపోతుందోనని భయం వేసింది.

ఖాలాకు కూడా ఇలాంటి కథల రుచి ఉంది. ఆమె ఉర్దూ డైజెస్టులు చదివేది. అందులో జిన్నులు మనుషుల పిల్లల్ని ప్రేమించేవి. రాళ్లు అతుకుతూ అవి చెప్పేది. వదిన ఆమెను కూడా అడిగింది, ప్రేమున్నవాళ్లు చచ్చాక వస్తారా అని. ఖాలా చేతిలో పని ఆపేసింది. అది కథల మాట కాదని ఆమెకు వెంటనే తెలిసిపోయింది. "మరే సో లోగాఁ కైకూ ఆతే బేటీ," అంది మెల్లగా. చచ్చినవాళ్లు ఎందుకొస్తారమ్మా అని. వదిన తల వంచుకుని గాజు తీసుకుంది. ఆ రోజు నుంచి ఖాలా మా ముందు ఆ కథలు చెప్పలేదు.

చలికాలంలోనే ఒక మధ్యాహ్నం ఠాణా నుంచి జవాను వచ్చాడు. మూసీ ఒడ్డున ఒక శవం దొరికింది, వచ్చి చూడాలన్నాడు. బాపు ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు. చొక్కా వేసుకుని వెళ్లాడు. అమ్మ పొయ్యి ముందు కూలబడింది. వదిన నా చెయ్యి పట్టుకుని లోపలి గదిలోకి లాక్కెళ్లి, చదువు అంది. ఏం చదవను వదినా అన్నాను. ఏదైనా సరే అంది. పుస్తకం తెరిచాను. అక్షరాలు కదిలిపోతున్నాయి. చదివిందే చదివాను. వదిన కళ్లు వాకిలి మీదే ఉన్నాయి. నా చెయ్యి మాత్రం వదలలేదు.

బాపు వచ్చి నల్లా దగ్గర చాలాసేపు చేతులు, మొహం, మెడ కడుక్కున్నాడు. మావాడు కాదన్నాడు. ఎట్లా తెలిసిందని అమ్మ అడిగింది.

"మొకం తెల్వలే. కాళ్లు సూసిన. మనోనికి మడిమెకాడ కాలిన మచ్చ ఉండె గదా. గాయినకు లేదు."

ఆ రాత్రి ఇంట్లో అందరం తిన్నాం. ఎవరో ఇంకొకరి కొడుకు చచ్చాడని మాకు ఆకలేసింది.

ఆ తరవాత మేనమామ గొంతు తగ్గించడం మానేశాడు. ఎన్నాళ్లని ఇట్లా ఉంచుతారు, దర్భలతో బొమ్మ చేసి దహనం చేద్దాం, కర్మ చేద్దాం, లేకపోతే వాడి ప్రాణం ఎక్కడ తిరుగుతుంటుందో అన్నాడు. కర్మ చేస్తే వదిన పుస్తెలతాడు తియ్యాలి. బాపు గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. అమ్మ సరేనంది. కొడుకు కోసం చూసి చూసి ఆమెకు ఓపిక అయిపోయింది. ఏదో ఒకటి తేలిపోవాలనుకుంది. వదిన గుమ్మంలో నిలబడి అంతా విని, గాజుల పనికి వెళ్లిపోయింది.

సీరియల్ చివరికి వచ్చింది. మంత్రగాడు సీసా మూత తెరిచాడు, భార్య అడ్డం వెళ్లింది, వచ్చే వారం ముగింపు అని వేశారు. సరిగ్గా అప్పుడు బస్తీలో హిందూ ముస్లిం లొల్లి అయింది. కర్ఫ్యూ పెట్టారు. గల్లీ చివర పోలీసులు, మూసిన కిటికీలు, బయట ఒక్క పిల్లవాడి గొంతు కూడా లేదు. ఖాలా వాళ్లూ మేమూ మధ్య గోడ మీదుగా పిండి, పప్పు ఇచ్చిపుచ్చుకున్నాం. వదినకు ఇవేవీ పట్టలేదు. ముగింపు ఏమైందో తెలియాలి, అంతే. మేనమామ కర్మకు రోజు చూసిపెట్టాడు. ఆ రోజులోపల తెలియాలని ఆమెకు ఎందుకో పట్టింది.

పాలకూ కూరగాయలకూ కర్ఫ్యూ సడలించినప్పుడు, సంచీ పట్టుకుని నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది. జనం పరుగు పరుగున కొనుక్కుంటున్నారు. ఆమె కూరగాయల బండి దాటుకుని నేరుగా పుస్తకాల షాపుకు పోయింది. షాపు మూసి ఉంది. యజమాని ఇల్లు షాపు వెనకే. తలుపు కొట్టింది. ఆయన భయంభయంగా తీశాడు. పత్రికల కట్టలు ఇటువైపు రావడం లేదన్నాడు. వదిన గడప పట్టుకుని నిలబడింది.

"పుస్తకం వద్దన్నా. నువ్వు సదివినవా? ఆమె మొగడు ఉన్నడా, పోయిండా? గదొక్కటి చెప్పు."

ఆయన తెల్లబోయి నా వైపు చూశాడు. నేను చదవలేదమ్మా, నాకే రాలేదు అన్నాడు. ఆమె కదలదు. మళ్లీ అడిగింది. సడలింపు అయిపోతోందని వీధిలో ఈలలు మొదలయ్యాయి. నేను ఆమె నడుము పట్టుకుని లాక్కుంటూ ఇంటికి తెచ్చాను. అమ్మ ఖాళీ సంచీ తీసుకుని మేకుకు తగిలించింది.

కర్ఫ్యూ ఎత్తేశాక సంచిక వచ్చింది. తీసుకుని ఇంటికి పరుగెత్తాను. మిద్దె దాకా ఎక్కకుండానే లోపలి గదిలో చదివాను. భార్య తన మెడలోని తాడు తెంచి సీసా మీదికి విసురుతుంది. మొగుడు విడుదలవుతాడు. ఆమె నుదుటి మీద ఒకసారి చల్లగా తాకి వెలుగులో కలిసిపోతాడు. అక్కడితో సమాప్తం. నాకు ఏడుపొచ్చింది, చాలా బాగుందనిపించింది. తలెత్తి చూస్తే వదిన మొహం రాయిలా ఉంది.

"ఆమెకు మొగడు సచ్చిండని ఎరుకైంది. పోంగ సూసింది," అంది. "నాకు గదన్న లేదు చెల్లె. నేనేం జెయ్యాలె?"

అప్పుడు ఏడ్చింది. అన్న పోయినప్పటి నుంచి ఏడవనిదంతా ఏడ్చింది. నేలకు తల ఆనించి, నోట్లో కొంగు కుక్కుకుని. వంటగది గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. ఎప్పట్నుంచి వింటోందో నాకు తెలియదు. వచ్చి వదిన పక్కన కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది. మేనమామకు కబురు పంపు, కర్మ లేదు ఏమీ లేదు అని నాతో అంది.

అలా కర్మ ఆగింది. ఎదురుచూపు మాత్రం ఆగలేదు. నా ఇంటర్ అయిపోయింది, ఇంకో వానాకాలం, ఇంకొకటి గడిచాయి. వదిన నవలలు వినడం మానేసింది. దీపం పెట్టి లేచిపోయేది. సన్నబడింది. అన్నం ముందు కూర్చుని మరిచిపోయేది. ఒక మధ్యాహ్నం అమ్మ బియ్యం ఏరుతుంటే వచ్చి ఎదురుగా కూర్చుంది. పుస్తెలతాడు తనే తీసింది. అమ్మ అరచెయ్యి తెరిచి అందులో పెట్టింది.

"ఆయన సచ్చిండని కాదు అత్తమ్మా. ఇగ నాతోని కాదు. ఆయనొస్తే ఇది ఇయ్యి. అడిగితే, శానా దినాలు సూసిందని చెప్పు."

అమ్మ ఆపలేదు. వదిన తమ్ముడు వచ్చి తీసుకెళ్లాడు. ఖాలా ఆమె చేతులకు కొత్త గాజులు వేసి, నుదురు ముద్దు పెట్టుకుని పంపింది. కొన్నేళ్లకు అప్పటికే ఒక పిల్ల ఉన్న ఒకాయన్ని మళ్లీ పెళ్లి చేసుకుందని తెలిసింది. మాకు కబురు చెయ్యలేదు. చెయ్యకపోవడమే మంచిదని బాపు అన్నాడు. అన్న సంగతి ఈ రోజు వరకూ తెలియలేదు.

వదిన వెళ్లిపోయిన వారమే, నేను చీకట్లో కూర్చున్నట్టు ఆ ఇంట్లో కూర్చున్నాను. ఒక పుస్తకం చేతిలో ఉంది కానీ పేజీ తిప్పడం లేదు. అమ్మ చాట పక్కన పెట్టి వచ్చి, వదిన కూర్చునే చోట కూర్చుంది. నా మొహం చూడకుండా, చదువు బిడ్డా, ఊకె ఉండలేకపోతున్న అంది. ఏ పుస్తకమని అడగలేదు. నేను మొదటి పేజీకి తిప్పి, ఆమెకు వినబడేలా గట్టిగా మొదలుపెట్టాను.