కన్ను మీద చెయ్యి

బోధన్‌లో బస్సెక్కి నా పక్కన కూర్చున్న ముసలామె మీద నాకు మొదటి నుంచీ నమ్మకం కుదరలేదు. చేతిలో సంచి లేదు, చూపంతా నా ఒళ్లోని మూడేళ్ల పాప మీదే. పాప మెడలోని బంగారు గొలుసును గౌను లోపలికి తోశాను.

బస్సు ముందు చెరుకు ట్రాక్టర్ నింపాదిగా పోతోంది. ఆమె నన్ను అడగకుండానే పాప ఎడమకన్ను అరచేత్తో మూసి, "చెరుకు ట్రాక్టర్ ఏడున్నదే?" అంది. పాప నవ్వుతూ వేలు చూపించింది. కుడికన్ను మూయగానే మాత్రం ఆ చేతిని తోసేసి ఏడుపందుకుంది. గిచ్చిందనుకున్నాను.

"చెయ్యి తియ్యి అవ్వా," అని పాపను కిటికీ వైపుకు మార్చుకున్నాను.

"పిల్ల తల పక్కకు వంచి సూస్తున్నది బిడ్డా. ఇంటికి పోయినంక నువ్వు గూడ గిట్ల మూసి సూడు," అంది.

నిజామాబాద్‌లో దిగగానే గొలుసు తడుముకున్నాను. ఉంది. పాప ఒంటి మీద గిచ్చిన గుర్తు లేదు. ఇంటికెళ్లాక, ఎందుకైనా మంచిదని కుడికన్ను నా చేత్తో మూశాను. నా చేతినీ అలాగే తోసేసింది.

ఎడమకన్నుకు చూపు తక్కువని, అది పనిచేయాలంటే రోజూ కాసేపు కుడికన్నుకు పట్టీ వేయాలని డాక్టరు చెప్పాడు. పట్టీ తీసుకుని దగ్గరికి వెళ్తే పాప వెనక్కి జరిగి, బస్సులో నేను ఆ అవ్వను చూసినట్టే నన్ను చూస్తుంది.