మిరప గోతాల మీద జంపఖానా

నా చిన్నప్పుడు మా ఊరి మొత్తానికి ఒకటే జీపు. అది మా బాబాయిది. మాది దుర్గి పక్కన పల్లె. రాళ్ళ క్వారీలో తిరిగి తిరిగి అరిగిపోయిన బండిని తెచ్చుకుని, నీలం రంగు వేయించి, పెళ్ళికొడుకును చూసుకున్నట్టు చూసుకునేవాడు. రంగు పైన వేయించాడు గానీ లోపల నేలంతా ఉత్త ఇనప రేకు. ఎండలో కాస్త దూరం పోతే ఆ రేకు మీద కాలు ఆనేది కాదు. ఆ రేకు మోతకు లోపల కూర్చున్నవాళ్ళు పక్కవాళ్ళతో మాట్లాడాలన్నా అరవాల్సిందే. అయినా ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. బస్సు లేని ఊళ్ళో జీపే గొప్ప.

ఆ ఏడు మా పక్కింటి అక్క కాన్పుకు పుట్టింటికి వచ్చింది. నాకు జడలు వేసేది తనే. మా అమ్మ దువ్వితే ఏడ్చేదాన్ని, అక్క దువ్వితే నిద్రపోయేదాన్ని. అంతకుముందు తనకు ఒక కాన్పు నిలవలేదు. ఈసారి నరసరావుపేట డాక్టరమ్మ ముందే చెప్పింది, నెలలు నిండే లోపే వచ్చి ఆసుపత్రిలో చేరాలని, కూర్చుని కాకుండా పడుకుని రావాలని, కుదుపులు తగలకూడదని. అంటే జీపులో వెనకున్న బల్లలు తీసేసి, ఆ రేకు మీదే పక్క వేయాలి. ఈ సంగతి అక్క వాళ్ళమ్మే మా ఇంటికి వచ్చి చెప్పింది. ఈ బిడ్డన్నా దక్కాలని వాళ్ళింట్లోనే కాదు, మా ఇంట్లోనూ అనుకున్నారు. కోటప్పకొండకు నడిచి వస్తానని మా అమ్మ మొక్కుకుంది.

బాబాయి మంచివాడు. అడగకముందే సరేనన్నాడు. నేల మీద ఏం పరవాలో కనుక్కోవడానికి మాచర్ల వెళ్ళి, మెకానిక్ షెడ్లన్నీ తిరిగి వచ్చాడు. లారీ ట్యూబు రబ్బరు పరవమని ఒకరు, కొబ్బరి పీచు కూరమని ఒకరు, పాత టార్పాలిన్ మడతలు పెట్టమని ఇంకొకరు చెప్పారట. ఇవేవీ బాబాయి కంటికి ఆనలేదు. షామియానాల కొట్లో ఒక ఎర్ర జంపఖానా చూశాడు. మనసంతా దాని మీదే. కింద మెత్తగా ఉండటానికి, చప్పుడు మింగడానికి ఇంట్లో ఉన్న గోతాలు చాలన్నాడు. మా ఇళ్ళల్లో గోతాలంటే మిరపకాయల గోతాలే. వాటిని దులిపి, ఎండలో వేసి, మడతలు మడతలుగా రేకు మీద పరిచి, పైన జంపఖానా కప్పాడు. ముందు సీట్లో కూర్చుని వీధి చివరిదాకా నడిపి వచ్చి, చప్పుడు సగానికి సగం చచ్చిందని సంబరపడ్డాడు. గోతాల వాసన ఎవరికీ తెలియలేదు. పుట్టిన దగ్గర్నుంచి ఆ ఘాటులోనే బతికిన ముక్కులు మావి.

అక్క వచ్చి చూసి, "బానే ఉంది బాబాయ్, చానా బాగుంది," అంది.

అరుగు మీద కూర్చున్న మా నాయనమ్మ అక్క మొహం చూడటం లేదు, కాళ్ళు చూస్తోంది. "ఏమే, ఇట్టా రా. ఆ పాదం చూపియ్యి," అంది. అక్క వెనక్కి తగ్గింది. నాయనమ్మే వంగి, చీర అంచు జరిపి చూసింది. పాదం పక్కన పొక్కి ఆరిన మచ్చ. అంతకుముందు డాక్టరమ్మ దగ్గర పరీక్షకు అక్క అదే జీపులో వెళ్ళి వచ్చింది. దారి పొడుగునా ఆ వేడి రేకు మీద కాలు పెట్టుకుని కూర్చుని, దిగేటప్పుడు కూడా బానే ఉందనే చెప్పింది.

బాబాయి బిత్తరపోయాడు. "చెప్పొచ్చు గదమ్మా!"

"ఎట్టా చెప్పుద్దిరా?" అంది నాయనమ్మ. "ఊరికే ఎక్కించుకుని పోయేవాడితో నీ బండి కాలతందని ఎవరన్నా అంటారా? దానికి నోరు లేదు, నాకుంది. ముందు నన్ను పడుకోబెట్టి తిప్పు."

బాబాయి నవ్వాడు. నాయనమ్మ నవ్వలేదు. దిండు తెచ్చుకుని జీపు ఎక్కి, తల వెనక తలుపు వైపు పెట్టి పడుకుంది. నన్ను కాళ్ళ దగ్గర కూర్చోమంది. "దుర్గి దాకా పోనీయ్. నేను ఆపమన్నదాకా ఆపమాక," అంది.

దుమ్ముకు తట్టుకోలేక కొంగు మొహం మీదికి లాక్కుంది. మొదట్లో బాగానే ఉంది. దుర్గి చేరేసరికి ఇంజను కాగింది, రేకు కాగింది, రేకు మీది గోతాలూ కాగాయి. నా కళ్ళు మండి నీళ్ళు కారుతున్నాయి. నాయనమ్మ కదల్లేదు. ఎంతదాకా ఓర్చుకోవచ్చో చూద్దామనుకుందేమో. శిల్పాలు చెక్కే షెడ్ల ముందు నుంచి పోతుంటే అక్కడివాళ్ళకు కనపడింది, మొహం కప్పి పడుకోబెట్టిన ముసలామె, ఆమె కాళ్ళ దగ్గర ఏడుస్తున్న చిన్నపిల్ల. ఉలి చప్పుళ్ళు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఒక పెద్దాయన లేచి నిలబడి తలకు చుట్టిన తుండు తీశాడు.

అప్పుడు నాయనమ్మ లేచి కూర్చుంది. దగ్గు మీద దగ్గు. ఊపిరి దొరికినప్పుడల్లా, "ఆపరా సచ్చినోడా!" అని కేకలు. బాబాయి బండి ఆపి దిగి వచ్చేసరికి షెడ్ల వాళ్ళంతా జీపు చుట్టూ ఉన్నారు. ఆ పెద్దాయన చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చి, "ఇంకాసేపు పడుకోపోయావా పెద్దమ్మా, నీకని మంచి రాయి ఏరేవాణ్ణి," అన్నాడు.

"ఏరు నాయనా. ఏరి, దాని మీద నా కొడుకు బొమ్మ చెక్కు. చూలాలికి మిరపకాయల పొగ పెట్టబోయిన మొనగాడని పదిమందీ చూస్తారు."

అందరూ నవ్వారు. బాబాయి నవ్వలేదు. జంపఖానా అంచు ఎత్తి, గోతం మీద అరచెయ్యి ఆనించి, ఆ చెయ్యి వాసన చూసుకున్నాడు. ఆ పక్క మీద అక్క అయితే దగ్గు బిగబట్టుకుని నరసరావుపేట దాకా పోయేది. దింపాక బానే ఉందని చెప్పేది.

నీళ్ళు తాగాక నాయనమ్మ ఇంకో సంగతి చెప్పింది. "నీ ఇంజను చప్పుడుదేముందిరా, నా చెవి కాడ తలుపు గొలుసు కొట్టుకుంటంది. ముందు కూకున్నోడికి నీకేం ఇనపడుద్ది?"

మళ్ళీ మొదటికి వచ్చింది పని. గోతాలు తీసేసి రేకు కడిగారు. రబ్బరు పరిస్తే నాయనమ్మ మళ్ళీ పడుకుని దుర్గి దాకా వెళ్ళి వచ్చి, కాగిన రబ్బరు వాసనకు కడుపులో తిప్పుతోందంది. అదీ తీసేశారు. చివరికి టార్పాలిన్ మడతలు, వాటి మీద మందంగా కొబ్బరి పీచు, పైన ఉతికిన బొంతలు. తలుపు గొలుసుకు పాత చీర పీలికలు చుట్టారు. ప్రతిసారీ నాయనమ్మే పడుకుంది. కళ్ళకు ఇంపుగా ఉన్న జంపఖానా షామియానాల కొట్టుకు తిరిగిపోయింది.

బయలుదేరే రోజు అక్కను ఎక్కించి పడుకోబెట్టాక నాయనమ్మ, "ఎట్టుందే?" అని అడిగింది. అక్క అటూ ఇటూ కదిలి చూసుకుంది. "నడుం కింద ఇంకొంచెం ఎత్తు కావాలి నాయనమ్మా. గాలి కూడా ఆడటం లేదు, పక్కన టాపు గుడ్డ ఎత్తమను," అంది.

అక్క వాళ్ళమ్మ సిగ్గుపడిపోయి, "ఊరుకోవే, వాళ్ళు ఇంత చేస్తే," అంది.

"నువ్వూరుకో," అంది నాయనమ్మ. బాబాయి అప్పటికే బొంత కోసం ఇంట్లోకి పరిగెత్తాడు. నాయనమ్మ మొహంలో అంత తృప్తి నేనెప్పుడూ చూడలేదు. అక్కకు ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా అదే జీపులో ఇంటికి వచ్చారు.

మేలు పొందేవాళ్ళను ఎలా ఉందని అడిగితే నిజం చెప్పరు. మొహమాటం అడ్డం వస్తుంది. అది వాళ్ళ తప్పు కాదు. వాళ్ళ చోట మనం పడుకుని చూడకపోవడమే తప్పు. అందుకే ఇంటికి వచ్చినవాళ్ళకు పక్క వేస్తే, ముందు దాని మీద నేను కాసేపు నడుం వాలుస్తాను. కోడళ్ళు నవ్వుతారు, నవ్వనీ.

ఈ మధ్య నా మనవడు ఒక పాత జీపు కొన్నాడు. నేల మీద పరిచే మ్యాట్లు, చప్పుడు తగ్గించే నల్లటి షీట్లు ఫోనులో చూపించి, ఏ రంగు బాగుందని అడిగాడు. వెనక ఎవరు కూర్చుంటారని అడిగాను. పెళ్ళాం పిల్లలన్నాడు. వాళ్ళను అడిగావా అంటే, వాళ్ళకేదైనా ఒకటేనన్నాడు. ఫోను పక్కన పెట్టి జీపు వెనక తలుపు తీయమన్నాను. మోకాళ్ళు ఒప్పుకోలేదు. అయినా ఎక్కాను.