ఒర్పా పెద్దమ్మ పెట్టే తాంబూలం

మా ఆరోగ్యకేంద్రం ఊడ్చే ఒర్పా పెద్దమ్మతో నేను వేగలేకపోయాను. వసారాలో చాప వేసుకుని, వచ్చిన ప్రతి రోగికీ వక్కా సున్నం చేతిలో పెడుతుంది. మా తిమోర్ కొండల్లో పెట్టింది కాదంటే మొహం మీద కొట్టినట్టే. అందరూ బుగ్గన పెట్టుకుని, ఎర్రటి నోళ్ళతో నా గదిలోకి వస్తారు.

నేను పరీక్షలు చేసే ఆ గదిలో కొత్త యంత్రం ఉంది. బుగ్గ లోపల పుల్లతో రుద్ది అందులో పెడితే, ఏ వైరసో గంటలో చెప్పాలి. సున్నం తగిలితే ఫలితం తేలలేదంటూ మొరాయిస్తుంది. తప్పులు తగ్గకపోతే యంత్రాన్ని వెనక్కి పట్టుకుపోతామన్నారు, ఇచ్చినవాళ్ళు. అప్పుడు నమూనాలన్నీ మళ్ళీ బస్సులో కూపాంగ్ పట్నంలోని పెద్దాసుపత్రికి పోవాల్సిందే. పోయినేడు అలా పంపితే, మా ఊరి లుసియా తన బిడ్డను పూడ్చిపెట్టాక ఫలితం వచ్చింది.

"పెద్దమ్మా, పరీక్ష అయ్యాక పెట్టు, నీకు దణ్ణం పెడతా!"

"వచ్చినోళ్ళని ఉత్తినోటితో కూచోబెట్టమంటావా?"

"ఇది నీ ఇల్లు కాదు!"

"ఊడ్చేది నేనేగా? అయినా భయపడుతూ వచ్చినోళ్ళకి నువ్వేం పెడతావే యుస్తినా? నోట్లో పుల్ల!"

జకార్తాలో ఆ యంత్రం తయారుచేసిన సిగిట్ గారికి నా గోడు మొత్తం రాశాను. నీళ్ళు పుక్కిలించమని ఒక్క ముక్క జవాబు. పుక్కిలించినా తేలలేదని రాస్తే, యంత్రాన్ని తీసుకుపోవడానికి ఆయనే అట్టపెట్టె పట్టుకుని దిగాడు. వసారాలో పెద్దమ్మ పెట్టింది మర్యాదగా నమిలి లోపలికొచ్చాడు.

"మీకు నమూనా తీయడం రాదమ్మా. చూడండి," అంటూ గ్లాసెడు నీళ్ళు పుక్కిలించి, తన నోట్లోనే పుల్ల పెట్టుకున్నాడు.

గంట తర్వాత తెరమీద అదే మాట: ఫలితం తేలలేదు.

"సార్, మీక్కూడా రాదేమో," అన్నాను. నోరు ఊరుకోలేదు.

ఆయన తెచ్చిన అట్టపెట్టెను కాలితో గోడవారకి నెట్టాడు. "యంత్రం ఇక్కడే ఉండనీ. మార్చాల్సింది అందులో పోసే మందునీళ్ళని," అన్నాడు. పుక్కిలిస్తే సరిపోదనే కదా నేను మొత్తుకున్నది! సంతోషం కాదు, ఒళ్ళు మండిపోయింది. పైగా కొత్తవి తయారుచేయడానికి ఎర్రనోళ్ళ నమూనాలు కూడా దాచి పంపమన్నాడు. ఇక పెద్దమ్మ ఆగుతుందా?

"సార్ చెప్పాడు, విన్నావా?" అంటూ ఇంకో గంప వక్కలు తెచ్చుకుంది.

కొత్త మందునీళ్ళు ఇంకా రాలేదు. తేలని నమూనాలు బస్సెక్కుతూనే ఉన్నాయి. ఇవాళ పొద్దున ఎక్కినవాటిలో పెద్దమ్మదీ ఉంది. ఒళ్ళు కాలిపోయే జ్వరంతో వస్తే రెండుసార్లు పెట్టి చూశాను. చిన్నప్పట్నుంచీ సున్నంలో నానిన నోరు, ఎంత కడిగినా తేలలేదు.

చాప ఖాళీగా ఉంది. వచ్చినవాళ్ళు ఉత్తినోళ్ళతో, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు. యంత్రం ఇవాళ ఒక్కసారి కూడా మొరాయించలేదు. దాన్ని ఎత్తి బయట పారేయాలనిపించింది.