అమ్మ తిట్లు బంద్ అయిన రోజులు

మొన్న కామారెడ్డి బస్సులో ఒకాయన ఫోన్‌లో వార్త చదివి పక్కాయనకు వినిపిస్తున్నాడు. తాళం వేసినట్టు మూడో మనిషికి అందకుండా పోయే మెసేజీలను కూడా సర్కారు తెరిచి చూసేలా ఉండాలంటున్నారట. "చూస్తే చూడనీ తియ్యి. మనమేమన్న దొంగలమా, దాసిపెట్టుకోనీకి?" అన్నాడు పక్కాయన. నాకు ఒళ్లు మండింది. ఆయన ఇంట్లో ఫోన్ పట్టుకొని మొగుణ్ని తిట్టే ఆడమనిషి లేదు కాబోలు అనుకున్నాను. మా ఇంట్లో ఉండేది.

నేను ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి రోజూ డిగ్రీకి వెళ్లొచ్చే రోజులవి. బాపు గల్ఫ్‌లో మేస్త్రీ పని చేసేవాడు. అమ్మ బీడీలు చుట్టేది. చేతులు ఖాళీ ఉండవు కాబట్టి ఫోన్‌ను చాటలో తునికాకుల మీద పెట్టి, ఇంటర్నెట్ కాల్‌లో బాపుతో మాట్లాడేది. మాట్లాడేది అంటే తిట్టేది.

"ఏం తిన్నవ్?"

"పప్పు."

"నిన్న పప్పే, మొన్న పప్పే. నీ నోట్ల మన్నువడ, అబద్ధమన్న కొత్తది ఆడరాదా?"

అవతల బాపు పకపకా నవ్వేవాడు. నాలుగు తిట్లు పడ్డాక నిజం కక్కేవాడు, వండుకోలేదనో, జ్వరమొచ్చి పడుకున్నాననో. దారం చుట్టే వేళ్లు ఆగేవి కావు, నోరూ ఆగేది కాదు. ఆ కాసేపు బాపు మా ఇంట్లోనే ఉన్నట్టుండేది. అంత సంబరమైన పొద్దులు మళ్లీ రాలేదు నాకు.

తర్వాత బాపు ఉండే దేశంలో సర్కారు ఆ కాల్స్ బంద్ పెట్టింది. దొంగదారి యాప్‌లు వాడితే జుర్మానా, జైలు అని బాపును ఆయన గదిలోవాళ్లు భయపెట్టారట. ఇక మామూలు ఫోన్ కాలే దిక్కయింది. అప్పుడు నేను నా చదువంతా అమ్మ ముందు ఒలకబోశాను.

"అమ్మా, వెనకటి కాల్స్‌కు తాళముండె. దీనికి లేదు. సర్కారోళ్లు మీరు మాట్లాడేది వింటరు."

ఆ రోజు నుంచి అమ్మ లెక్కలో ప్రతి కాల్‌లోనూ ఒక సర్కారు సారు చెవులు పెట్టి కూర్చొని ఉన్నాడు. మా దిక్కు పరాయివాళ్ల ముందు ఆడవాళ్లు మొగుణ్ని ఒక్క మాట అనరు. ఇంట్లో ఎంత నోరున్నా బయట మర్యాదే. ఫోన్ మోగగానే అమ్మ చాట పక్కకు పెట్టి, కొంగు భుజం నిండా కప్పుకొని, మామ ముందు నిలబడ్డట్టు మాట్లాడటం మొదలుపెట్టింది.

"మంచిగున్నరా? తిన్నరా?"

"ఎవలున్నరే పక్కన?" అన్నాడు బాపు బిత్తరపోయి.

"ఎవ్వలు లేరు. ఆరోగ్యం పైలం."

నేను కడుపుబ్బ నవ్వాను. వారం పోతే పాత అమ్మ వస్తుందిలే అనుకున్నాను. రాలేదు. "అట్ల రోజూ వినరమ్మా" అని ఎంత చెప్పినా నమ్మలేదు. బాపు కూడా మెల్లగా మర్యాదస్తుడయ్యాడు. "తిన్న" అంటే అమ్మ "సరే" అనేది. "మంచిగున్న" అంటే "సంతోషం" అనేది. రెండు నిమిషాల్లో కాల్ అయిపోయేది. ఒకసారి బాపు గొంతు బాగా నీరసంగా ఉంది. నోటిదాకా వచ్చిన తిట్టును అమ్మ మింగడం నేను చూశాను. గట్టిగా అడుగు అని సైగ చేశాను. తల అడ్డంగా ఊపింది.

ఏడాదిన్నర గడిచింది. బాపు వచ్చే రోజు అమ్మా నేనూ ఎల్లారెడ్డి బస్టాండ్‌కు పోయాం. బాపు కడ్డీ పట్టుకొని ఒక్కో మెట్టే దిగాడు. ఎడమకాలు ఈడుస్తున్నాడు. ఏమైందని అడిగితే, ఏడాది కింద పనిలో పై అంతస్తు నుంచి పడ్డానని, తుంటి విరిగిందని, దవాఖానా మంచం మీది నుంచే "మంచిగున్న" అన్నానని నేల చూస్తూ చెప్పాడు.

అమ్మ బస్టాండ్ దద్దరిల్లేలా తిట్టింది. చుట్టూ పరాయివాళ్లున్నారన్న లెక్కే లేదు. చాయ్ తాగుతున్నవాళ్లు లేచి చూశారు. బాపు తలొంచుకొని నవ్వుతున్నాడు. నాకు మాత్రం ఏడుపు ఆగలేదు.

ఊపిరి తీసుకోవడానికి ఆగి, అమ్మ నా వైపు తిరిగింది.

"నువ్వే గదే సర్కారోళ్లు వింటరన్నది? గన్ని దినాలు విన్నరు గదా. మీ బాపు పడ్డడని ఒక్కడన్న నాకు చెప్పిండా?"