ముందు సీటు ఎవరిది

నేను కవలలతో ఆసుపత్రి నుంచి పుట్టింటికి వచ్చిన మర్నాడే మా అత్తగారు వాట్సాప్‌లో ఒక ఫొటో పంపింది. పిల్లల్ని తిప్పే బండి, స్ట్రోలర్. రెండు సీట్లు, ఒకదాని వెనక ఒకటి. ఫొటో కింద ఒక్క లైను: "ముందు బాబు, వెనక పాప." ఆపరేషన్ కుట్లతో పక్కకి ఒత్తిగిల్లడానికే ప్రాణం పోతున్న నాకు ఆ లైను చదవగానే ఒళ్ళు మండిపోయింది.

మాది నల్లగొండ వైపు. నాన్న ఊరు వదిలి వచ్చి చాలా ఏళ్ళు లారీ నడిపి, మన్సూరాబాద్‌లో ఇల్లు కట్టుకున్నాడు. మా వైపు బిడ్డ పుట్టిన ఇరవై ఒకటో రోజు తొట్టెల వేస్తారు. ఆ ఉయ్యాల తల్లిగారింటి వాళ్ళే తేవాలి. మా అత్తవారిది గుంటూరు వైపు, దిల్‌సుఖ్‌నగర్‌లో నాలుగో అంతస్తు ఫ్లాటు. నాన్న తొట్టెల మాట ఎత్తగానే అత్తగారు, "ఈ రోజుల్లో తొట్టెలేంటి అన్నయ్యగారూ, మా ఫ్లాట్లో ఎక్కడ వేలాడదీస్తాం? దాని బదులు బండి కొనేయండి," అంది. కొనేది మేము, ఎంచేది ఆమె. నాన్న సరే అన్నాడు. ఆయన ఆడపిల్ల తండ్రి కదా, సరే అనడం బాగా అలవాటైపోయింది.

నేను మాత్రం ఫోన్ చేశాను.

"అత్తయ్యా, ముందు పుట్టింది పాప. రెండు నిమిషాలు పెద్దది."

"కవలల్లో వెనక బయటికొచ్చినవాళ్ళే పెద్దవాళ్ళమ్మాయ్. కడుపులో ముందు పడింది వాడు. అందుకే అడుగున ఉండిపోయి వెనక వచ్చాడు. మా నాయనమ్మ కాలం నుంచీ వింటున్న మాటే ఇది."

డాక్టరు పొట్ట కోసి చేతికి ముందు ఎవరు దొరికితే వాళ్ళని తీసింది. అందులో పెద్దరికం ఎక్కడుందో నాకు అర్థం కాలేదు. మా అమ్మ నా పక్షాన మాట్లాడుతుందని ఫోన్ స్పీకర్లో పెట్టాను. అమ్మ వెల్లుల్లి వలుస్తూ, "మీ అత్త చెప్పింది నిజమే బిడ్డా. మీ నాయిన లారీల ముందుగాల ఎక్కిచ్చిన మూట ఆఖరుకు దిగుతది గదా, గిదీ గంతే," అంది.

మా పెళ్ళప్పుడు పప్పుచారులో బెల్లం వేయాలా వద్దా అన్న దగ్గర మొదలై ఈ రెండు కుటుంబాలకీ ఒక్క విషయంలోనూ పొత్తు కుదరలేదు. నా కూతుర్ని వెనక్కి నెట్టడానికి మాత్రం చక్కగా కుదిరింది.

ఆ తర్వాత పాలిచ్చే ప్రతిసారీ ఒక చేత్తో ఫోన్ పట్టుకుని బండ్ల వీడియోలే చూశాను. మెడ నిలవని పిల్లలకి సీటు పూర్తిగా వెనక్కి వాలి మంచంలా పరుచుకోవాలి. ఒకదాని వెనక ఒకటి ఉండే బండిలో వెనక సీటు సగం ముందు సీటు కిందికి దూరిపోతుంది. పక్కపక్కన సీట్లున్న రకంలో ఆ గొడవ లేదు, ఇద్దరికీ ఒకే ఆకాశం. నాకు అదే కావాలి. మా ఆయనతో చెప్పాను. ఆయన కోచింగ్ సెంటర్లో పిల్లలకి లెక్కలు చెబుతాడు.

"అది మన లిఫ్టులో పట్టదు," అన్నాడు.

"కొలిచావా?"

"కొలవక్కర్లేదు, చూస్తేనే తెలుస్తుంది."

లెక్కల మాస్టారి జవాబు అది. వాళ్ళమ్మ నోట్లోంచి వచ్చిన మాటని లిఫ్టు మీద పెట్టి చెబుతున్నాడని తెలుస్తూనే ఉంది. అప్పుడే అనుకున్నాను, షాపుకి నేనే వెళ్ళాలని.

పంతొమ్మిదో రోజు వెళ్ళాను. పురుడు తీరకుండా గడప దాటకూడదని అమ్మ గోల పెట్టింది. "పచ్చి బాలింతవు, గాలి సోకుతది," అంటూ చెవుల్లో దూది కుక్కి తలకి స్కార్ఫు చుట్టింది. బయట ఎండ మాడ్చేస్తోంది, గాలి జాడే లేదు. పిల్లలిద్దరికీ కడుపునిండా పాలిచ్చి అమ్మకి అప్పగించాను. రెండు గంటల్లో తిరిగి రావాలి. నాన్న కారు తీశాడు. ఎల్బీ నగర్ చౌరస్తాలో ప్రతి గుంతకీ పొట్ట చేత్తో అదిమి పట్టుకున్నాను. రోడ్డుకి రెండువైపులా చూస్తూ పోయాను. ఫుట్‌పాత్ అనే చోటల్లా చెప్పుల కొట్టో, పుచ్చకాయల బండో, ఎవరిదో బైకో ఉంది. ఏ బండి కొన్నా దాన్ని తోసేంత ఖాళీ నేల ఈ ఊళ్ళో లేదని నాకు అక్కడే తెలిసిపోయింది. అయినా వెనక్కి తిరగలేదు.

షాపు మెట్రో స్తంభాల పక్కన. మా ఆయన, అత్తగారు అప్పటికే వచ్చి కూర్చున్నారు. దూది పెట్టుకున్న నన్ను చూసి అత్తగారు, "ఈ ఎండలో నువ్వెందుకొచ్చావమ్మా, మేం చూసుకునేవాళ్ళం కదా," అంది. అందుకే వచ్చానని నోటి దాకా వచ్చింది, మింగేశాను.

షాపాయన ఫొటోలో ఉన్న బండినే ముందుకి లాక్కొచ్చాడు. "మేడం, గిది మస్తు పోతది. సన్నగుంటది, గల్లీలల్ల కూడ తిరుగుతది. పిల్లలల్ల పెద్దోళ్ళెవరు?"

"బాబు," అంది అత్తగారు.

"పాప," అన్నాను నేను.

ఇద్దరం ఒకేసారి అన్నాం. ఆయన నా వంకా ఆమె వంకా చూసి, "ఎవరైతేంది, బాబును ముందల కూసోబెట్టుండ్రి," అని తీర్పు చెప్పేశాడు.

నాకు వంగడం కుదరదు. అందుకే మా ఆయన్ని పిలిచి, "వెనక సీట్లో తల పెట్టు," అన్నాను.

"పిచ్చా?"

"పెట్టు."

షాపులో నలుగురూ చూస్తున్నారు. నేను అరిస్తే ఇంకా చూస్తారని ఆయనకి తెలుసు. మోకాళ్ళ మీద కూర్చుని వెనక సీట్లో తల దూర్చాడు.

"ఏం కనిపిస్తోంది?"

"గుడ్డ," అన్నాడు లోపల్నుంచి.

"ఇంకా?"

"ఇంకేం లేదు. ఉక్కగా ఉంది."

షాపాయన నవ్వాడు. అత్తగారు నవ్వలేదు. "పాలు తాగి నిద్రపోయే పసిగుడ్డుకి చూసేదేముంటుంది? పక్కపక్కన సీట్లది మన లిఫ్టులో పట్టదు. ఎన్నిసార్లు చెప్పాలి?" అంది.

అప్పటిదాకా నాన్న కౌంటరు దగ్గర నిలబడ్డాడు. ఇప్పుడు కదిలి, పక్కపక్కన సీట్లున్న బండి దగ్గరికి వెళ్ళి దాని వెడల్పు జానలేసి కొలిచాడు. లారీలో సరుకు సర్దినన్నాళ్ళూ ఆయన టేపు వాడి ఎరగడు. బీరువా అయినా మంచమైనా జానతోనే.

"మూడు జానలు, నాలుగు వేళ్ళు," అన్నాడు. "మీ లిఫ్టు తలుపు మూడున్నర జానలుంది చెల్లెమ్మా. నిన్న పొద్దుగాల ఒచ్చి కొలుచుకున్న. జరంత ఒడుపుగ నూకితే పోతది."

మా ఆయన ముఖం చూడాలి. నిన్న నాన్న మా అత్తవారి అపార్టుమెంటుకి వెళ్ళి, నాలుగో అంతస్తుకి కూడా ఎక్కకుండా, వాచ్‌మన్ చూస్తుండగా లిఫ్టు తలుపుకి జానలేసి వచ్చేశాడన్నమాట. నాతో కూడా చెప్పలేదు. సరే అనడం తప్ప తెలియదనుకున్న మనిషిని చూసి నాకు ఏడుపొచ్చినంత పనయింది.

గెలిచామనుకున్నాను. అత్తగారు చీర కొంగు సర్దుకుని, "సరే, అదే తీసుకోండి. బాబుని కుడివైపు పడుకోబెడదాం," అంది.

అప్పుడు అరిచాను. ఏమేం అన్నానో అన్నీ గుర్తులేవు. వెనక అయిపోయింది, ఇప్పుడు ఎడమా అన్నాను. పుట్టి ఇరవై రోజులు కాలేదు, అప్పుడే దానికి ఒక తక్కువ చోటు వెతుకుతున్నారు అన్నాను. మీరూ ఆడవాళ్ళే కదా, సిగ్గుండాలి అని కూడా అన్నాను. నాన్న "బిడ్డా, బిడ్డా" అంటున్నాడు. చెవుల్లో దూది వల్ల నా గొంతు నాకే ఎక్కడో దూరంగా వినిపించింది.

అత్తగారు గొంతు పెంచలేదు. "ఆసుపత్రిలో అయిదు రోజులు నీ పక్కన పడుకుంది నేనే కదమ్మాయ్. నువ్వు ఎప్పుడూ ముందు ఎవరికి పాలు పట్టావు?" అంది.

బాబుకే. ప్రతిసారీ బాబుకే. వాడు గుక్కపట్టి ఏడుస్తాడు, పాప వేళ్ళు చీకుతూ చూస్తూ పడుకుంటుంది. పాపం వాడు ఆగలేడు, ఇది ఆగుతుంది అనుకునేదాన్ని. ఇంటికొచ్చాకా అంతే. ఆమె నా మీద ఎప్పుడో పట్టుకున్న లెక్క అది, ఇన్నాళ్ళు దాచి సరిగ్గా సమయానికి తీసింది. ఆమె మీద అంత అసహ్యం నాకు ముందూ కలగలేదు, తర్వాతా కలగలేదు. అబద్ధమైతే అంత కోపం వచ్చేది కాదు. అదే సమయానికి పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసింది. స్కార్ఫు విప్పి ముందు కప్పుకున్నాను.

పక్కపక్కన సీట్లున్న బండినే కొన్నాం. నాన్న దాన్ని మడిచి డిక్కీలో పెట్టాడు. మా ఆయన, అత్తగారు పిల్లల్ని చూడ్డానికి మా వెనకే వాళ్ళ కారులో వచ్చారు.

గేటు దగ్గరికే బాబు ఏడుపు వినిపించింది. అమ్మ వాణ్ణి భుజం మీద వేసుకుని హాల్లో తిరుగుతోంది. "జల్ది రా బిడ్డా, పిలగాడు అరగంట సంది ఏడుస్తుండు," అంది. పాప చాప మీద, పాత చీర పరుపు మీద నిద్రపోతోంది. గుప్పిళ్ళు రెండూ తెరిచి ఉన్నాయి.

నేను చేతులు కడుక్కుని వచ్చి పాపని ఎత్తుకున్నాను.

"పండుకున్న పిల్లను లేపుతవేందే?" అని అమ్మ కేక వేసింది.

నేను వినలేదు. గోడకి ఆనుకుని కూర్చుని పాప బుగ్గ మీద తట్టాను. అరికాలు గీరాను. అది ముఖం చిట్లించి, కళ్ళు విప్పకుండానే రెండు చుక్కలు తాగి వదిలేసి మళ్ళీ నిద్రలోకి జారుకుంది. మళ్ళీ తట్టాను. బాబు ఏడ్చి ఏడ్చి ఎర్రగా కమిలిపోయాడు, గొంతు బొంగురుపోయింది. అత్తగారు గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఆమె చూడాలనే నేను అక్కడ కూర్చున్నాను. నేను చేస్తున్నది పాప కోసం కాదని నాకు అప్పుడే తెలుసు. అయినా పాపని దించలేదు.